బతికే వున్నాను, నాయనా!

మా అత్తగారికి ఎనభయ్యారేళ్ళు. ఆవిడ బతికి వున్న సంగతి చిలకలగూడాలో మా సందు మొత్తానికి తెలుసు. తెల్లవారుఝామున నాలుగున్నరకి సుప్రభాతం మా ఇంట్లో రేడియోలోంచి రాదు, ఆవిడ గొంతులోంచే వస్తుంది. పాలవాడు ఒక్క చెంచా నీళ్ళు ఎక్కువ కలిపితే చాలు, వాడి వంశమంతా ఆవిడ నోట పడుతుంది. ఎదురింటి కోడలు ఎన్నింటికి లేచిందో, పక్కింటివాళ్ళు కూరలో ఇంగువ వేశారో లేదో ఆవిడకి తెలుసు. ఆవిడ వున్నదని వాళ్ళందరికీ తెలుసు. తెలియనిదల్లా ఒక్క సర్కారువారికే!

మా మామగారు లాలాగూడా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, ముప్పయ్యేళ్ళ పైచిలుకు పనిచేసి అక్కడే రిటైరయ్యారు. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది. అప్పటినుంచీ మా అత్తగారికి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. అది రావాలంటే ఏటా నవంబరు నెలలో ఆవిడ బతికి వున్నట్టు ఋజువు ఇవ్వాలి. ఇవ్వకపోతే డిసెంబరు నుంచి పెన్షన్ ఆగిపోతుంది. ఎనభై దాటినవాళ్ళు అక్టోబరు ఒకటో తారీకు నుంచే ఇచ్చుకోవచ్చునని 2019లో దయతలిచారు. అంటే, బతికున్నామని మొరపెట్టుకోడానికి పెద్దవాళ్ళకి ఒక నెల ఎక్కువ వ్యవధి అన్నమాట.

మొన్న నవంబరులో ఆవిడని ఆటోలో ఎక్కించుకుని బ్యాంకుకి తీసికెళ్ళాను. ఏ బ్యాంకో చెప్పను. చెప్పినా చెప్పకపోయినా మీ బ్యాంకూ అలాగే వుంటుంది. కౌంటరు దగ్గర కుర్రాడు మర్యాదస్తుడు. "వేలు పెట్టండి మామ్మగారూ" అన్నాడు. పెట్టారు. కుదర్లేదు. "తుడిచి పెట్టండి" అన్నాడు. కొంగుతో తుడిచి పెట్టారు. కుదర్లేదు. బొటనవేలు అయింది, చూపుడువేలు అయింది, చివరికి పదివేళ్ళూ అయినాయి.

"మీ వేళ్ళకి గీతలు లేవు మామ్మగారూ" అన్నాడు పాపం.

గీతలెలా వుంటాయి నాయనా? పదహారో ఏట కాపురానికొచ్చింది మొదలు పద్నాలుగుమంది వున్న ఇంట్లో రోలు రుబ్బి, తిరగలి విసిరి, బూడిదా కొబ్బరిపీచూ పెట్టి అంట్లు తోమి, సున్నంపిండితో ముగ్గులు పెట్టి, చింతపండు పిసికి, చెరువంత బట్టలు ఉతికిన వేళ్ళవి. గీతలన్నీ మా ఇంటి గిన్నెలకి అంటుకుపోయాయి. ఆ చాకిరీకి ఎవరూ జీతం ఇవ్వలేదు, సర్వీసు రిజిస్టరు రాయలేదు. ఇప్పుడు ఆ చాకిరీ చేసినందుకు జరిమానాలాగా, "నువ్వు నువ్వు కాదు" అంటోంది మిషను!

వేళ్ళు పోతే కళ్ళు వున్నాయన్నారు. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. అదీ కుదర్లేదు. ఇక మిగిలింది మొహం. 2021 నవంబరు నుంచి మొహం చూపించి సెల్‌ఫోన్‌లోనే సర్టిఫికెట్ తెచ్చుకునే ఏర్పాటు వచ్చింది. మంచిదే, కాదనను. కుర్రాడు ఫోను ఆవిడ ఎదురుగా పట్టుకుని, "ఇటు చూసి కళ్ళు ఆర్పండి మామ్మగారూ" అన్నాడు.

మా అత్తగారు గిర్రున నా వైపు తిరిగారు. "ఏమేవ్! ఈ కుర్రాడు నన్ను కన్నుకొట్టమంటున్నాడేమిటే?"

బ్యాంకంతా నవ్వింది. ఆ నవ్వులు సర్దుకోకముందే ఫోను ఇంకో రెండు ప్రశ్నలు వేసింది. మళ్ళీ పెళ్ళి చేసుకున్నారా? అవును, కాదు. మళ్ళీ ఉద్యోగంలో చేరారా? అవును, కాదు. నేను మొహమాటపడుతూ చదివి వినిపించాను. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, "పెళ్ళి సంగతి అలా వుంచు. ఉద్యోగం ఎవరైనా ఇస్తారేమో కనుక్కో. వంటలో డెబ్భై ఏళ్ళ అనుభవం వుందని చెప్పు" అన్నారు.

మళ్ళీ అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ, నవ్వు సగంలో ఆగిపోయింది. అంతకు ముందటి ఏడు సంగతి గుర్తొచ్చింది.

ఆ ఏడు కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చి వచ్చాం. రశీదు అడగాలని నాకు తోచలేదు, వాళ్ళు ఇవ్వలేదు. డిసెంబరులో పెన్షన్ పడలేదు. జనవరిలోనూ పడలేదు. వెళ్ళి అడిగితే, "మా దాంట్లో ఎక్కలేదండీ" అన్నారు. ఆ 'మా దాంట్లో' అన్నది ఏమిటో, అందులోకి మనిషి ఎలా ఎక్కాలో ఎవరూ చెప్పలేదు. మూడు నెలలు తిరిగితే పాత బాకీతో సహా డబ్బు వచ్చింది. వచ్చింది కదా, ఇంకేమిటి బాధ అంటారేమో, వినండి.

మార్చి నెలలో ఆవిడ మందుల డబ్బా సర్దుతుంటే బ్లడ్‌ప్రెషరు మాత్రల అట్టలో సగానికి విరిచిన ముక్కలు కనిపించాయి. డిసెంబరు నుంచీ ఆవిడ రోజుకి అరమాత్రే వేసుకుంటున్నారు! నిలదీస్తే, "వాడిని అడగటం ఎందుకే. నా మందులు ఎప్పుడూ నా డబ్బుతోనే కొనుక్కున్నాను" అన్నారు. 'వాడు' అంటే మా వారే, ఆవిడ కన్నకొడుకు. పిల్లలకి పండక్కిచ్చే నోట్లు, పనిమనిషికి దీపావళి చీర, స్కందగిరి గుళ్ళో అర్చన, తన మాత్రలు, ఇవన్నీ ఆవిడ సొంత రాజ్యం. భర్త బతికుండగా రూపాయి చేతికి రాని మనిషికి, ఆయన పోయాక వచ్చిన స్వాతంత్ర్యం అది. ఆ రాజ్యానికి మూడు నెలలు తాళం పడింది. మనం చూస్తే 'కాస్త ఆలస్యమైంది' అనుకునే సంగతి, ఆవిడ రక్తపోటు మీద జరిగింది.

అందుకే అడుగుతున్నాను. ఈ ఋజువు ఎవరు ఇవ్వాలి? బతికున్నవాళ్ళా, లెక్కలు రాసుకునేవాళ్ళా?

పెన్షన్ ఎవరో పెట్టే భిక్ష కాదు. ఈ మాట నేను అనటం లేదు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి ఇది. పెన్షన్ అనేది దొరగారి దయ మీద ఆధారపడ్డది కాదనీ, చేసిన సేవకి హక్కుగా రావలసినదనీ చెప్పింది. అందుకే ఆ తారీకుని పెన్షనర్ల దినంగా జరుపుకుంటున్నారు. హక్కు అన్నాక, ఏటేటా గుమ్మం ముందు నిలబడి "బతికే వున్నాను బాబయ్యా" అని మొహం చూపించుకోవటం ఏమిటి?

ఇక్కడ మా అమ్మాయి సంగతి చెప్పాలి. అది కాలిఫోర్నియాలో వుంటుంది, అక్కడి పౌరురాలు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వేలకి వేలు ఊడిన 2023లో దాని ఉద్యోగమూ ఊడింది. ఆ దేశంలో ఉద్యోగం పోయినవాళ్ళకి కొన్నాళ్ళు భృతి ఇస్తారు. యజమానులు కట్టే పన్నులోంచి వచ్చే డబ్బు అది. కాలిఫోర్నియాలో వారానికి ఎంత ఎక్కువైనా 450 డాలర్లు, మామూలుగా 26 వారాలకు మించి వుండదు. అయితే ఊరికే ఇవ్వరు. రెండు వారాలకోసారి ఫోన్ చేసో, మరో విధంగానో సమాధానాలు చెప్పాలి. ఫోన్‌లో మిషను అడుగుతుంది. ఈ రెండు వారాల్లో జబ్బు పడ్డావా? పని వస్తే చేయడానికి సిద్ధంగా వున్నావా? పని వెతికావా? వచ్చిన పని వద్దన్నావా? ఏమైనా సంపాదించావా? అవునంటే ఒక అంకె, కాదంటే ఇంకో అంకె నొక్కటమే.

నాకు మొదట్లో వినడానికే చిన్నతనం అనిపించింది. "ఉద్యోగం లేదని రెండు వారాలకోసారి మిషనుతో చెప్పుకోవటం ఏమిటే!" అన్నాను. అది నవ్వి, "అమ్మా, నేను పని వెతికానో లేదో నాకు తప్ప ఎవరికి తెలుస్తుంది? అందుకే నన్ను అడుగుతున్నారు. చెప్పింది నమ్ముతున్నారు. అబద్ధమని తేలితే డబ్బు వెనక్కి లాగి, పైన జరిమానా వేస్తారు" అంది.

ఆ మాట నా బుర్రలో అలాగే వుండిపోయింది. ఎంత చిన్న సూత్రం! ఎవరికి మాత్రమే తెలుసో వాళ్ళని అడుగు. చెప్పింది నమ్ము. మోసం తేలితే అప్పుడు పట్టుకో.

మనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తున్నాం. డిగ్రీ అయిన కొత్తలో నేనూ ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించుకున్నదాన్నే. మూడేళ్ళకోసారి కార్డు రెన్యువల్. అది మరిచిపోతే సీనియారిటీ గోవిందా! పెళ్ళయినా, కడుపుతో వున్నా, చంకలో పిల్లని వేసుకునైనా వెళ్ళి ఆ ముద్ర వేయించుకున్నాను. నాకు ఇంకా ఉద్యోగం లేదన్న సంగతికి ముద్ర! ఇంటర్వ్యూ కార్డు మాత్రం ఒక్కటీ రాలేదు. నా దగ్గర ఉద్యోగం రాలేదన్న ఋజువులే మిగిలాయి.

పోనీ అది పాత కాలం అనుకుందామా? మన దేశంలోనూ ఇ.ఎస్.ఐ. కట్టే కార్మికులకి, ఉద్యోగం పోతే కొంత భృతి ఇచ్చే పథకం 2018లో వచ్చింది. జీవితంలో ఒక్కసారి, 90 రోజుల దాకా, రోజు సంపాదనలో పావువంతు. బాగానే వుంది. కానీ ఆ దరఖాస్తు ఎవరి ద్వారా రావాలో తెలుసా? ఉద్యోగంలోంచి తీసేసిన యజమాని ద్వారా! మెడపట్టి గెంటినవాడి దగ్గరికే వెళ్ళి, "అయ్యా, గెంటానని ఒక ముక్క రాసివ్వండి" అని బతిమాలుకోవాలన్నమాట. 2020లో కరోనా వచ్చి లక్షలమంది వీధిన పడ్డాకగానీ ఆ నిబంధన సడలించలేదు. అప్పుడే భృతినీ సగం సంపాదనకి పెంచి, కార్మికుడే నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చునన్నారు. మనిషి మాట నమ్మడానికి మనకి మహమ్మారి రావలసి వచ్చింది.

ఉద్యోగం వుందో లేదో, వెతుకుతున్నారో లేదో మనిషిని అడగటంలో అర్థం వుంది. కానీ "నువ్వు చచ్చిపోయావా?" అన్న ప్రశ్న ఒక మనిషిని అడగవలసినది కాదు. పోయినవాళ్ళు ఎలాగూ జవాబు చెప్పరు. ఆ సంగతి తెలియవలసింది సర్కారుకే, తెలుసుకోవలసిన పనీ సర్కారుదే. 1969 నాటి జనన మరణాల చట్టం వుంది. దాని ప్రకారం మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. మన సికింద్రాబాద్‌లో అయితే కార్పొరేషనో, కంటోన్మెంటు బోర్డో ఆ లెక్క రాసుకుంటుంది. ఆ చట్టాన్ని 2023లో సవరించి, దేశం మొత్తానికి ఒకటే మరణాల పట్టీ వుండాలనీ, దాన్ని తక్కిన ఆఫీసులవాళ్ళతో పంచుకోవచ్చుననీ రాశారు. 2025లో ఆధార్ సంస్థవారు పోయినవాళ్ళ నంబర్లు కోటికి పైగా రద్దు చేశామని చెప్పుకున్నారు కూడా. అంటే ఎవరు పోయారో తెలుసుకునే దారి వాళ్ళకి వుందన్నమాటే కదా? మరి ఆ దారిన పోకుండా మా అత్తగారి అరిగిన వేళ్ళ వెంట పడతారెందుకు?

"అలా అంటే ఎలాగండీ? తండ్రి పోయినా చెప్పకుండా ఏళ్ళ తరబడి పెన్షన్ తీసుకునే కొడుకులు లేరా?" అని మా వారే అడిగారు. వున్నారు. లేరని నేననను. వాళ్ళని పట్టుకోవలసిందే, కక్కించవలసిందే. కానీ ఒక ఇంట్లో ఉప్పు దొంగతనం జరిగిందని వీధి మొత్తాన్నీ ప్రతి ఏడూ పోలీసుస్టేషనుకి పిలిపించి "నేను దొంగని కాదు" అని చెప్పిస్తామా? పైగా, ఈ పద్ధతిలో బాధపడేది ఎవరు? మోసగాడు ఎలాగో తంటాలు పడి కాగితం పుట్టిస్తాడు. పుట్టించలేనివాళ్ళు మంచంలో వున్నవాళ్ళు, మతిమరుపు వచ్చినవాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళు. ఫోన్ నంబరు బెంగుళూరులో వున్న కొడుకుది అయి, ఓ.టి.పి. అక్కడికి పోతే ఇక్కడ దిక్కులు చూసేవాళ్ళు.

పల్లెటూళ్ళలో చావులన్నీ లెక్కకెక్కవు, అందుకని ఒక్కసారిగా ఈ పద్ధతి తీసేయలేం అంటారా? ఒప్పుకుంటాను. కానీ అది సర్కారు లెక్కల్లో వున్న చిల్లు. దాన్ని పూడ్చే పని ఎనభయ్యారేళ్ళ మనిషిది కాదు కదా!

కాగితం ఎంత పొగరుబోతుదో తెలియాలంటే ఉత్తరప్రదేశ్‌లో అజంగఢ్ జిల్లా లాల్ బిహారీ కథ వినాలి. 1970లలో ఆయన పోయాడని రెవెన్యూ రికార్డులో రాసేశారు, పొలం బంధువుల పేర మారిపోయింది. తాను బతికున్నానని ఒప్పించడానికి ఆయనకి 1994 దాకా పట్టింది. ఆ మధ్యలో పేరుకి చివర 'మృతక్' అని తగిలించుకుని, రాజీవ్ గాంధీ మీద ఎన్నికల్లో కూడా నిలబడ్డాడు. తనలాంటి జీవచ్ఛవాలందరికీ ఒక సంఘం పెట్టాడు. చదివితే నవ్వొస్తుంది. ఆ ఇంటి ఆడవాళ్ళు అన్నేళ్ళు ఎలా గడిపారో ఆలోచిస్తే మాత్రం రాదు.

నేను గొంతెమ్మ కోరికలు కోరటం లేదు. ఒకటి: చచ్చిపోయారని తెలిస్తే పెన్షన్ ఆపండి, చప్పుడు లేదని ఆపకండి. నవంబరులో కాగితం రాకపోతే ఇంటికి ఒక మనిషిని పంపండి. తలుపు తట్టండి. మా అత్తగారే తీస్తారు, కాఫీ కూడా ఇస్తారు. ఆ తర్వాతనే ఆపాలో వద్దో తేల్చుకోండి. రెండు: ఇంటికొచ్చి సర్టిఫికెట్ తీసుకునే ఏర్పాటు పెద్దవాళ్ళకి హక్కుగా వుండాలి. డెబ్భై దాటినవాళ్ళకీ, కదల్లేనివాళ్ళకీ బ్యాంకులు ఇంటి దగ్గరే ఈ పని చేసిపెట్టాలని రిజర్వు బ్యాంకు 2017లోనే చెప్పింది. 2020 నుంచి పోస్ట్‌మాన్ కూడా కొంత రుసుము తీసుకుని గుమ్మంలోనే చేస్తున్నాడు. ఈ సంగతులు బ్యాంకు గోడ మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో రాస్తే వాళ్ళ సొమ్మేం పోయింది? మూడు: తప్పు ఆఫీసుదైతే, ఆపిన నెలలకి వడ్డీతో ఇవ్వండి. మాత్రలు విరుచుకున్న రోజులు తిరిగి రావు గనుక కనీసం వడ్డీ అయినా రావాలి.

అమ్మా, మీ ఇంట్లోనూ ఒక అత్తగారో, అమ్మో, మేనత్తో వుండే వుంటారు. ఈ లోపల మనం చేయగలిగింది మనం చేద్దాం. కాగితం ఇస్తే రశీదు అడగండి, బ్యాంకులు ఇచ్చి తీరాలి. ఫోన్‌లో చేస్తే వచ్చిన నంబరు క్యాలెండరు మీద రాసిపెట్టండి. ఓ.టి.పి. ఎవరి ఫోన్‌కి పోతోందో ముందే చూసుకోండి. డిసెంబరులో డబ్బు పడిందో లేదో అడగండి. పడకపోతే మందుల డబ్బా తెరిచి చూడండి. వాళ్ళు తమంతట తాము చెప్పరు.

ఆ రోజు బ్యాంకులో మొత్తానికి మూడోసారికి మొహం కుదిరింది. "అయిపోయింది మామ్మగారూ, ఇంక ఏడాది దాకా బెంగలేదు" అన్నాడు కుర్రాడు. ఆవిడ వాణ్ణి నూరేళ్ళు చల్లగా వుండమని దీవించి బయటికొచ్చారు. ఆటోలో మెట్టుగూడా దాటేదాకా మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అన్నారు.

"ఇరవై ఏళ్ళ బట్టీ చూస్తున్నానే. ప్రతి ఏడూ 'వున్నావా?' అనే అడుగుతారు. 'ఎలా వున్నావు?' అని ఒక్కడూ అడగడేమిటే?"